సో. లింగన్న కత్తి

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో మనిషికి ఇంట్లో ప్రత్యేకమైన హోదా ఒకటి ఉంటుంది. సిలిండరు మోయాలన్నా, కరెంటాఫీసు ముందు నిలబడాలన్నా, పెద్దల తగాదాల్లో రాయబారం నడపాలన్నా అతనే. ఎనిమిదేళ్ల కిందట నంద్యాలలో మా ఇంట్లో ఆ హోదా నాది. మా తాత పోతూ పోతూ మాకు వదిలింది ఒక గడ్డం గీసే కత్తి. మడతపెట్టే రకం, కొమ్ముతో చేసిన పిడి. నాయన దాన్ని పాతపంచె ముక్కలో చుట్టి పెట్టెలో దాచేవాడు. చుట్టాలు వస్తే కాఫీకన్నా ముందు అది బయటికి వచ్చేది. నల్లమలలో దారి తప్పిన తెల్లదొరను తాత చేయి పట్టుకొని అహోబిలం దాకా తెచ్చి వదిలాడట, దొర కన్నీళ్లతో తన కత్తి ఇచ్చాడట. (నా చిన్నప్పుడు ఈ కథలో పులి లేదు. నేను టెన్తుకు వచ్చేసరికి ఒకటి, డిగ్రీకి రెండు. మా తాత బర్రెకు కూడా దూరంగా నడిచే మనిషి.)

ఆళ్లగడ్డలో ఉండే మా మామ, అంటే అమ్మ వాళ్ల అన్న, కొడుకు పెండ్లికి పిలవడానికి వచ్చినప్పుడు రచ్చ మొదలైంది. కార్డు చేతికిచ్చి, బొరుగులు నోట్లో వేసుకుంటూ, "బావా, పెండ్లికొడుకును చేసేదానికి మా లింగన్న తాత కత్తి ఇయ్యి" అన్నాడు. నాయన నవ్వాడు. "దొర కత్తి మీ తాతది యెట్లయితాది?" మామ కత్తి తెప్పించి, పిడి పక్కన అలుగు మొదట్లో వేలు పెట్టాడు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో 'లింగెన్' అని ఉంది. దాని ముందున్నదంతా తుప్పు. "ఇది లింగన్న కాదా? చోటు చాలక కొస తగ్గించినాడు. శిల్పాలు చెక్కేటోళ్లకు ఉలులు చేసి ఇచ్చినోడు మా తాత. నీ పెండ్లిలో మీ నాయనకు ఇచ్చినాడు, యాదికి తెచ్చుకో." "మీ తాతకు ఇంగ్లీషు యాడొచ్చు?" "దొరకు తెలుగు వచ్చునా, మీ నాయనతో మాట్లాడేదానికి?" ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి, వంటింట్లో ఉన్న అమ్మకు ఎవరు ఎవరిని తిడుతున్నారో తేలలేదు. చివరికి మామ "కత్తి ల్యాకుండా పెండ్లికి రావాకండి" అన్నాడు, నాయన "కత్తితో గూడా రాము" అన్నాడు.

ఇద్దరికీ పౌరుషం మిగిలింది. పెండ్లి పోయింది మాత్రం అమ్మకు. ఒక్కడే అన్న, ఆ అన్నకు ఒక్కడే కొడుకు. మరుసటి రోజు పొద్దున అమ్మ కత్తిని టవల్లో చుట్టి నా సంచిలో పెట్టింది. "ఆళ్లగడ్డకు పోయి, ఇది యెవురిదో తేల్చుకోనిరా. దొరదయితే మా అన్న నోరు మూస్తాడు, లింగన్నదయితే మీ నాయన మూస్తాడు. యెవురో ఒకరు మూస్తే నేను పెండ్లికి పోతా."

బస్సులో శిరివెళ్ల దాటాక కండక్టరు "సంచిలో ఏందిరా, అట్ల వాటేసుకున్యావ్?" అన్నాడు. "కత్తి అన్నా" అన్నాను. ఆ తర్వాత ఆళ్లగడ్డ దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ ప్రయాణంలో సుఖమంటే అదే.

మామ నన్ను తిన్నగా కటింగు తాత దగ్గరికి తీసుకుపోయాడు. ఎనభై దాటిన మనిషి. కటింగు షాపు కొడుక్కు ఇచ్చేసి, బయట బెంచీ మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ల క్రాపుల్లో తప్పులు చెబుతుంటాడు. నాయన ఫోన్లో స్పీకరు మీద హాజరు. తాత కత్తి విప్పి గోటితో మీటాడు. టింగుమంది. "పాడతాది సూడు! మంచి ఉక్కు" అన్నాడు. చింతపండు పెట్టి ఇటుకపొడితో రుద్దాడు. తుప్పు కింద నుంచి ముందు 'ఎస్', తర్వాత 'ఓ' బయటపడ్డాయి. సోలింగెన్. నేను ఫోన్లో వెతికి, కత్తులకు పేరుమోసిన జర్మనీ ఊరని చదివాను.

"చెప్పల్యా! దొర!" అని ఫోను అరిచింది.

మామ తగ్గలేదు. "సో అనేది ఇంటిపేరు. సో. లింగన్న."

"మామా, మన లింగన్న తాత ఇంటిపేరులో 'సో' యాడుంది?"

"నువ్వు నోరు మూయి అల్లుడా."

కటింగు తాత ఇదేదీ వినడం లేదు. పిడి లోపలి వైపు వేలితో తడుముతున్నాడు. అక్కడ మూడు సన్నని గాట్లు. "పెండ్లిండ్లలో నలుగురం వరసగా కూచోని గీస్తాంటిమి. కత్తులు కలిసిపోతాయని యెవురి గుర్తు వాళ్లు పెట్టుకుంటాంటిమి. ఈ మూడు గాట్లు నావి. ఇది నీకు యాడిది అబ్బోడా?"

దొర కథంతా చెప్పాను. తాత చాలాసేపు నవ్వాడు. "మీ నాయనను పెండ్లికొడుకును చేసింది నేనే. నీళ్లు పారబోసి వచ్చేతలికి కత్తి ల్యా. మీ తాతను అడిగినా. 'యాడన్నా పడింటాదిలే అప్పా' అన్యాడు. నాతోపాటు పందిరంతా ఎతికినాడు గూడా, పాపం."

"మరి మా లింగన్న తాత?" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"ఆయప్ప ఉలులే చేసినాడు. గడ్డం నా దగ్గరే గీయించుకుంటాండె."

ఫోన్లో నాయన, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు, "మా నాయన దాన్ని నాకు సూపించింది పెండ్లయినంకనే" అన్నాడు. వెంటనే "సిగ్నల్ ల్యా, పెట్టేస్తాండా" అన్నాడు. (సిగ్నల్ నిండుగా ఉంది.)

తీసుకోమని కత్తి ఇవ్వబోతే తాత చేయి చాపలేదు. "నువ్విస్తే నాకొద్దు. తీస్కపోయింది పెండ్లి పందిట్లో, ఇచ్చేది గూడా ఆడనే. మీ నాయనను వచ్చి ఇయ్యమను. పెండ్లికొడుకును నేనే చేస్తా."

ఇల్లు చేరేసరికి నాయన పడుకొని గోడవైపు తిరిగి ఉన్నాడు. పోయిన దొర కోసమో, పోయిన తండ్రి కోసమో తెలియదు. నేను తెలివిగా ఒక ఉపాయం చెప్పాను, "దొరే కటింగు తాతకు ఇచ్చినాడని చెబ్దాం, రెండు పులులు గూడా ఉండనీ" అని. ఎవరూ నవ్వలేదు. అమ్మ మంచం పక్కన కూర్చొని నాయనతో అంది, "మీ నాయనను దొంగ అని నేనంటాండానా? నచ్చింది, తెచ్చుకున్యాడు. అంత మురిపెంగా దాచుకున్యాడు, అంత కథ అల్లుకున్యాడు. ఇచ్చేసి వద్దాం పా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా, సెప్తాండా."

పెండ్లినాడు పొద్దున నాయన తమలపాకుల పళ్లెంలో, కొత్త పంచె మీద కత్తి పెట్టుకొని పందిట్లోకి నడిచాడు. నలుగురూ వినేటట్టు, కటింగు తాతతో, "మా నాయన తెచ్చినాడన్నా. ఇచ్చేస్తాండా" అన్నాడు. తాత కత్తి విప్పి, వెలుతురులో తిప్పి చూసి, "యాడా గంటు పడల్యా. బాగా సూసుకున్యారు" అన్నాడు. ఆ మాటకు నాయన తల ఎత్తాడు. తాత చేయి వణుకుతోంది. అంతకన్నా ఎక్కువ పెండ్లికొడుకు వణుకుతున్నాడు. కానీ కత్తి చెంపకు ఆనగానే ఆ ముసలి చేయి రాయిలా నిలిచింది. పని అయ్యాక నాయన పోయి అదే పీట మీద కూర్చున్నాడు. "అన్నా, నా పెండ్లికి గూడా దీంతోనే కదా గీసింది. ఇంగోసారి గీ." మామ నీళ్లచెంబు తెచ్చి పట్టుకున్నాడు.

ఇంత పెద్ద పరిశోధన తేల్చిన మేధావిని కదా, నేను ఆ రోజంతా కత్తికి ఫోటోలు తీస్తూ గడిపాను. అక్షరాలు ఒకవైపు నుంచి, గాట్లు ఒకవైపు నుంచి, మొత్తం పదిహేడు. మొన్న ఫోను మారుస్తూ మళ్లీ చూశాను. పదిహేడింట్లోనూ కత్తి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఒక్కదాంట్లో మాత్రం వెనకాల, మసకగా, పసుపు చేతులతో పుట్టింటి ఆడవాళ్ల మధ్య నిలబడి అమ్మ ఎందుకో విరగబడి నవ్వుతోంది. పెద్దది చేసి చూశాను. ఇంకా మసకబారింది. ఫోను కొంచెం పైకెత్తి ఉంటే సరిపోయేది కదరా, ఇరవై రెండేళ్ల మేధావీ.