చీరల అంగట్లో నీటి మొక్కలు

ప్రొద్దుటూరులో చీరల అంగడి నడిపే జనార్దన్ శెట్టికి చీరల గురించి తెలియనిది లేదు, మొక్కల గురించి తెలిసింది లేదు. నాకు మొక్కలు తెలుసు. కమలాపురం పక్కన ముప్పై నాలుగేళ్లు తమలపాకు తోట చేసినవాణ్ణి. మిషన్ బడిలో ఐదో తరగతితో చదువు ఆగినా, వ్యవసాయ కళాశాల పిల్లలు బస్సు మాట్లాడుకుని మూడుసార్లు నా తోట చూడటానికి వచ్చారు. గాలివాన ఏడాది చుట్టుపక్కల తోటలన్నీ పడిపోతే నాదొక్కటే నిలిచింది. చర్చి కమిటీలో పద్దెనిమిదేళ్లు పెద్దగా ఉన్నాను. అలాంటి ఈ దేవపాలు మాట చెవికెక్కించుకోవడానికి ఈ శెట్టికి రెండు నెలలు పట్టింది.

అతనికి అరవై రెండేళ్లు. పద్నాలుగో ఏట తండ్రి పక్కన అంగడి పరుపు మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. ఏ చీరనైనా కూర్చున్నచోటి నుంచే విసిరి పరుస్తాడు. తండ్రి నేర్పిన విద్య ఇంకొకటి ఉంది. అంగడి లోపలి భాగం ఎప్పుడూ మసకగానే ఉంచుతాడు. కొనేవాళ్లు వచ్చి కూర్చున్నాక, పట్టుచీర విప్పి, అప్పుడు టక్కున స్విచ్చి వేస్తాడు. జరీ ఒక్కసారిగా భగ్గుమంటుంది. వాళ్లు వెళ్లగానే లైటు ఆర్పేస్తాడు.

భార్య పోయి నాలుగేళ్లయింది. ఒక్కతే కూతురు వసుంధర పులివెందులకు కాపురానికి వెళుతూ తన చేపల తొట్టిని ఆ మసక మూలలోనే పెట్టి వెళ్లింది. బేరాలు లేని మధ్యాహ్నాల్లో శెట్టి దానివైపు తిరిగి కూర్చుంటాడు. ఆ చేపలతో తప్ప అతను మనసు విప్పి మాట్లాడగా నేను చూడలేదు.

దసరా అయిన వారం నేను అటు వెళితే తొట్టిలో మొక్కలు కుళ్లుతున్నాయి. కాడలు నల్లబడి, కింది ఆకులు రాలిపోయాయి.

"ఏంది శెట్టీ, చీకటి మూలలో ఎర్రమొక్కలు పెట్టినావు?"

"పట్టు అంచు మాదిరి బాగుంటాయని తెచ్చినాలే అప్పా."

"మొక్కను కూడా రంగు చూసే కొంటావా? ఎరుపు నిలవాలంటే ఎండంత ఎలుగుండాల. ఈడ పచ్చమొక్కలే బతుకుతాయి."

వినలేదు. పూలకుండీలకు వేసే ఎరువు మందు తెచ్చి నీళ్లలో పోశాడు. అద్దాల నిండా పాచి పట్టింది, రెండు చేపలు తేలాయి. పొడుగైన మొక్కలను కత్తిరించి, లేత కొనలు పారేసి, వేరున్నదే గట్టిదని కుళ్లిన మొదళ్లను దాచుకున్నాడు. చీర చిరిగితే అంచు దాచుకునే బుద్ధి!

క్రిస్మస్‌కు మా ఆవిడకు తెల్లచీర కొనడానికి వెళ్లినప్పుడు, మనిషి వడలిపోయి ఉన్నాడు.

"పాప ఫోన్ చేసింది దేవపాలప్పా. ఉగాదికి వస్తాదంట. మొక్కలు బాగుంటే సరే, లేకుంటే తొట్టి పులివెందులకు ఎత్తకపోతాదంట. చేపలు నా చేతిలో సచ్చేది చూల్లేనంటాది."

తొట్టిలో మూడంటే మూడు పచ్చకాడలు మిగిలాయి. పంచె ఎగగట్టి చేయి పెట్టాను. నాలుగు వేళ్ల పొడవున కొనలు కోసి, ఎడంగా నాటి, కుళ్లిన మొదళ్లు పీకేశాను. తమలపాకు తోటలో నాటేదీ తీగ కొననే. అవిసె చెట్ల నీడలో బతికే పైరు అది. నీడ నాకు కొత్త కాదు.

"ఇంగ మందు పొయ్యొద్దు. లైటు మాత్రం రోజూ పొద్దున పదింటికి ఏసి, సాయంత్రం ఆరింటికి ఆర్పు. తక్కువ ఎలుగైనా సరే, నిలకడగా ఉండాల."

"అంతసేపు లైటు ఎలగతాంటే జరీ యాడ మెరుస్తాది? మా నాయన నేర్పిన పని అప్పా అది."

"మీ నాయన చీరలమ్మినాడు, మొక్కలు పెంచలేదు. బేరమొస్తే పగలు, బేరం పోతే రాత్రా? నీ ముందర అన్నం పెట్టి, ముద్ద ఎత్తినప్పుడల్లా తట్ట గుంజుకుంటే ఎన్నాళ్లు బతుకుతావు? చేతగాకుంటే తొట్టి పంపిచ్చేయ్. జరీతో మాట్లాడుకుంటా కూర్చో."

శెట్టి స్విచ్చి వంక చూశాడు, తొట్టి వంక చూశాడు.

ఉగాది రెండు రోజులుందనగా నేనే వెళ్లాను. మూడు కాడలు ఏడయ్యాయి. వసుంధర తొట్టి ముందు వంగి ఆకులు చూస్తోంది.

"ఎవరు చేసినారు నాయనా ఇంత బాగా?"

"ఇంకెవరు? నేనే. కొనలు కోసి నాటినా."

నా ముందే అన్నాడు, సిగ్గులేని మనిషి! లక్ష తీగలు నాటిన నేను గొంతు సవరించుకున్నాను గానీ నోరు తెరవలేదు. ఆ పిల్ల అప్పటికే నవ్వుతూ, "అయితే ఈడనే ఉండనీలే" అనేసింది.

అంతలో జమ్మలమడుగు నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. శెట్టి పట్టుచీర విప్పాడు. పట్టపగలులా లైటు వెలుగుతున్న ఆ గదిలో జరీ చప్పగా కనిపించింది. పెళ్లికూతురి తల్లి మొహం తిప్పుకుంది. శెట్టి చేయి స్విచ్చి మీదికి పోయింది. కూతురు చూస్తోంది, నేనూ చూస్తున్నాను. చేయి వెనక్కి తీసుకున్నాడు.

నలభై ఎనిమిదేళ్ల తర్వాత, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ, పరుపు మీద నుంచి లేచాడు.

"వాకిట్లోకి రాండమ్మా. ఎండలో చూపిస్తా."