రొట్టె మీద గుడ్డ

మొన్న మా తెలుగు సంఘం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఈసారి ఉగాదికి లండన్ హారోలో హాలు తీసుకున్నారట, ఇన్‌క్లూజన్ గురించి, అంటే అందరినీ కలుపుకుపోవడం గురించి, నేను కాసేపు మాట్లాడాలట. "మీ లైఫ్ అందరికీ ఇన్‌స్పైరింగ్‌గా ఉంటది ఆంటీ" అంది. అలిసిపోయిన మనిషిని ఇన్‌స్పైరింగ్ అనడం ఈ మధ్య మర్యాదైపోయింది. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేసి, మా అమ్మాయికి తల దువ్వుతూ కూర్చున్నాను. దానికి ముప్ఫై దాటాయి. మాటలు రావు. కూనిరాగం వస్తుంది, సంతోషం పట్టలేకపోతే ఇంటి పైకప్పు లేచిపోయేలా కేక వస్తుంది.

అది చిన్నగా ఉన్నప్పుడు ఇక్కడి మా తెలుగువాళ్ళ ఇళ్ళకి వ్రతాలకీ పుట్టినరోజులకీ వెళ్ళేవాళ్ళం. ఎవరూ పరుషంగా ఒక్క మాట అనలేదు, అబద్ధమెందుకు. "పాపను పైన రూముల టీవీ పెట్టి కూసోవెడ్దాం అక్కా, ఈడ లొల్లికి పరేషాన్ అయితది" అనేవాళ్ళు, ఎంతో ప్రేమగా. పిల్ల పైన, దానికి కాపలా నేను పైన, పులిహోర ప్లేటు మెట్లెక్కి వచ్చేది. కొన్నాళ్ళకి ఆ ప్లేటుకి అంత శ్రమ దేనికని వెళ్ళడమే మానేశాం. "నీకూ జర రెస్ట్ దొరుకుతది తియ్" అన్నాడు మా ఆయన. దొరకలేదు.

అప్పట్లో మా పక్కింట్లో యూదు దంపతులుండేవారు. మన అలవాటు కొద్దీ ఆంటీ, అంకుల్ అనేదాన్ని. ఆంటీకి తమ ప్రార్థనా మందిరం సినగాగ్‌లో నిలువ నీడలేని వాళ్ళకి వంతులవారీగా భోజనాలు పెట్టడం ఒక పని, ఊరి కౌన్సిల్‌తో పోట్లాట రెండో పని. మా పిల్లకి స్కూల్లో తోడుగా మనిషిని ఇప్పించింది ఆ రెండో పనే. ఒకసారి శుక్రవారం సాయంత్రం మమ్మల్ని భోజనానికి రమ్మంది. "పాప అరుస్తుంది ఆంటీ" అన్నాను. "మా ఆయన పాట నువ్వింకా వినలేదుగా" అంది.

వాళ్ళకి శుక్రవారం పొద్దుగూకడంతో విశ్రాంతి దినం మొదలవుతుంది. బల్ల మీద కొవ్వొత్తులు, గ్లాసులో వైన్, జడలా అల్లిన రెండు రొట్టెలు, వాటి మీద కుట్టుపువ్వుల తెల్లగుడ్డ. ముందు వైన్‌కి ప్రార్థన, ఆ తరవాతే రొట్టెకి. అందాకా గుడ్డ తీయరు. అంకుల్ గ్లాసెత్తి పాట అందుకున్నాడో లేదో, మా పిల్ల గుడ్డ లాగేసి నెత్తిన వేసుకుని ఒక్క కేక పెట్టింది. దాని చెయ్యి పట్టుకుని లేచాను. కాళ్ళు వాటంతటవే మెట్ల వైపు తిరిగాయి.

"ఎక్కడికి?" అంది ఆంటీ.

"పైకి" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "ఆ గుడ్డ ఎందుకు కప్పుతామో తెలుసా? వైన్‌కి ముందు మర్యాద జరుగుతుంటే రొట్టె చూసి చిన్నబుచ్చుకోకూడదని. రొట్టె మనసు కనిపెట్టుకునే ఇంట్లోంచి పిల్లని పైకి పంపిస్తానా? కూర్చో!" అని కసిరింది. అంకుల్ గ్లాసు దించి, "ఇవాళ రొట్టెదే ముందు వంతు. మాకు అలా చేసే వీలూ ఉందిలే" అని రొట్టె చేతిలోకి తీసుకుని పాట మొదటినుంచీ ఎత్తుకున్నాడు. మా పిల్ల ముసుగు తీయకుండానే కూనిరాగంతో కలిసింది. ఆయన శ్రుతి కంటే దాని శ్రుతే నయం. నేను కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను. వేడిగా ఉండగానే సూపు తాగడం నాకు అలవాటు తప్పిపోయిందని ఆరోజే తెలిసింది.

ఇద్దరూ పోయారు. ఆ ఇంట్లో ఇప్పుడెవరో కుర్రజంట. మా అమ్మాయి మాత్రం నేటికీ శుక్రవారం సాయంత్రం సూపర్‌మార్కెట్ బ్రెడ్డు మీద టీ టవల్ కప్పి, నా వంక చూసి, లాగేసి కేక పెడుతుంది.

దువ్వడం అయ్యాక సంఘం అమ్మాయికి ఫోన్ చేశాను. వస్తాను, కానీ మా పిల్లా వస్తుంది, ముందు వరసలో కూర్చుంటుంది, మధ్యలో అరుస్తుంది అన్నాను. "సరే ఆంటీ, ముందల్నే కూసోవెడ్దాం" అంది.

పక్కింటి బల్ల దగ్గర మా పిల్లకి చోటు దొరకడానికి ఒక గ్లాసు కింద పెట్టినంత సేపు పట్టింది. మావాళ్ళ హాల్లో ముందు వరసకి రావడానికి మాత్రం నా జుట్టంతా తెల్లబడింది.