ఒంటివంకకు పేరు పెట్టిన చౌడేశ్వరి

కార్వేటినగరం కొండల్లోని ఎగువపల్లెలో పుట్టి, దిగువపల్లెలో మెట్టింది చౌడేశ్వరి. పుట్టినూరి నీళ్లు కొంగవంక అనే వాగు. నడివేసవిలోనూ ఆగకుండా పారి, ఊరి కింద బండల సందుల్లోకి దూరి మాయమయ్యేది. మెట్టినూరిది ఊటవంక. అరమైలు దిగువన నేలలోంచి ఉబికేది. నేత ఇంటి కోడలు గనుక రోజూ అక్కడే నూలు జాడించేది. ఎగువన బర్రెలు దిగిన పూట, కాసేపటికి ఊటలో బురద తేలడం ఆమె ఏళ్ల తరబడి గమనించింది. "రెండూ ఒకటే" అంటే కట్టుకున్నవాడితో సహా అందరూ నవ్వేవాళ్లు.

1946 ఎండాకాలం. చెరువులు నెర్రెలు విచ్చాయి. కొంగవంక నీళ్లు ఊరికే బండల్లో ఇంకిపోతున్నాయని, అడ్డంగా మట్టికట్ట వేయడానికి ఎగువపల్లె పెద్ద మునిరామయ్య మనుషుల్ని పోగేశాడు. పటం గీయడానికి వచ్చిన సర్వేయరు వరదయ్య కూడా వంక గీతను ఆ బండల దగ్గరే ఆపాడు.

కబురు తెలిసి చౌడేశ్వరి పరుగున వచ్చింది. "ఆడ గీత ఆపబాకండి సామీ," అంది వరదయ్యతో. "ఈ నీళ్లే మా ఊట." మునిరామయ్య వైపు తిరిగింది. "చిన్నాయనా, కట్ట ఏస్తే మా గొంతులు ఎండిపోతాయి."

"నేల కింద నీళ్లు నువ్వు సూసినావామ్మా?" అన్నాడు మునిరామయ్య.

"సూపిస్తాను. రేపటిదాకా ఆగండి."

మరునాడు ఆ పూటకు ఊటలో నీళ్లు ముంచుకోవద్దని దిగువపల్లె వాళ్లకు చెప్పి, నూలు అద్దగా మిగిలిన ఎర్రరంగు రెండు కడవలు ఎగువకు మోయించింది. అందరి ముందూ బండల సందులో కుమ్మరించి, వాళ్లను వెంటబెట్టుకుని ఊట దగ్గరికి నడిచింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. జనం గొణుగుతున్నారు. చౌడేశ్వరి మాత్రం ఊట మీంచి చూపు తిప్పలేదు.

"ఎరుపు! ఎరుపు!" ఎవరో అరిచారు. ఇసుకలోంచి సన్నటి ఎర్రజీర లేచి, చూస్తుండగానే మడుగంతా పరుచుకుంది.

మునిరామయ్య దోసిట్లోకి నీళ్లు తీసుకుని చాలాసేపు చూశాడు. "కట్ట వద్దప్పా. పారలు ఎత్తుకోండి," అన్నాడు తన వాళ్లతో.

వరదయ్య పటంలో రెండు వంకల గీతల్నీ కలిపాడు. ఏ పేరు రాయాలో తేలక రెండూళ్లూ వాదులాడుకుంటుంటే, చౌడేశ్వరి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

"రెండు కాదని తేలిపాయ గదా సామీ. ఒంటివంక అని రాసుకోండి."

ఆ వేసవి రెండూళ్లూ గొంతు తడుపుకుని గట్టెక్కాయి. ఆ తర్వాత నీళ్ల తగువు ఏది వచ్చినా చౌడేశ్వరినే పిలిచేవాళ్లు. ఆమె కూర్చుని తీర్పులు చెప్పేది కాదు. "పోయి సూసొద్దాం రండి," అంటూ ముందు నడిచేది.