మంగళవారం వచ్చే అప్‌డేట్

మా ఆయన నరసింహులు మంగళవారం ఏ పనీ మొదలుపెట్టరు. ఇక్కడ జర్మనీలో, బ్రెమెన్‌లో ఇంటి అగ్రిమెంటు మీద సంతకానికి ఓనరమ్మ మంగళవారం రమ్మంటే, కడుపునొప్పి అని చెప్పి బుధవారం వెళ్లారు. ఆమె పాపం చామంతి టీ పొట్లం ఇచ్చింది. నేను సిగ్గుతో చచ్చాను.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి. విమానాల సీట్లకు బోల్టులు చేసే చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ చూసుకోవాలి. విండోస్‌కు నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లేమో మంగళవారం సాయంత్రమే వస్తాయి. ఈయన వాటిని ఆ రోజు ముట్టుకోరు. బుధవారం పొద్దున దీపం పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ చేస్తారు. ఆఫీసులో అడిగితే, ఓ రాత్రి ఆగి చూడటం పద్ధతి అంటారు. పద్ధతి అంటే జర్మన్లు నోరెత్తరు.

వేళాకోళం ఆడతాను గానీ కారణం నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఓ మంగళవారం పెట్టిన అప్‌డేట్‌తో సర్వర్ కూలి, ఆయన ఉద్యోగం ఊడింది. ఇక్కడ ఉద్యోగంలో ప్రోబెట్సైట్ ఇంకా అయిపోలేదు. ఈ పరీక్షాకాలంలో వద్దనుకుంటే తేలిగ్గా పంపేస్తారు.

మొన్న మంగళవారం సాయంత్రం మేనేజరమ్మ ఫోన్ చేసింది. అప్‌డేట్ వచ్చిందనీ, అది పూడ్చాల్సిన లోపం గుండా దొంగలు ఇప్పటికే వేరే కంపెనీల్లోకి దూరుతున్నారనీ, వెంటనే పెట్టమనీ చెప్పింది. ఆయన సరేనని, ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"పొద్దుగాల పెడ్త. ఒక్క రాత్రికి ఏమైతది?" అన్నారు.

"దొంగలకు వారం వర్జ్యం ఉంటదా?" అన్నాను.

"మళ్ల కూలితే, ఆండాళ్? ఈసారి ఊకోరు."

నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. "మన ఈషా ఏ వారం పుట్టింది?" అని అడిగాను. "మంగళవారం" అన్నారు.

"నొప్పులొస్తున్నయంటే బుధవారం దాకా ఆపుకొమ్మన్నరా నన్ను? ఆటో కోసం చెప్పుల్లేకుండ ఉరికిన్రు."

ఆయన నా వైపు చూడకుండానే పని మొదలుపెట్టారు. అన్నం చల్లారిపోయింది. అక్కడ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు ఒక్కొక్కటీ ఆగి, మళ్లీ లేచాయి. ఒక్కటీ కూలలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

"రాత్రి దొంగలు మన సర్వర్ల దాకా వచ్చిన్రు ఆండాళ్. సందు దొరకక వాపసు పోయిన్రు."

  ఫోన్ పెట్టేసి, ఆ బుధవారం దీపం నేను పెట్టాను.