మాస్టారు వస్తున్నారు, దాచండి!

దానియేలు మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరింట్లోనైనా అక్కర్లేని వస్తువు కంటపడితే అది గడప దాటేదాకా ఆయనకి కుదురుండదు. ఏది కావాలో ఏది అక్కర్లేదో తేల్చేది మాత్రం ఆయనే. ఇంటివాళ్లకి అందులో ఓటు లేదు.

పన్నెండేళ్లుగా నేను ఆయన పక్కింట్లో ఉంటున్నాను. రెండిళ్లకీ కలిపి ఒకటే గోడ. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ గాజులకి మెరుగు పెట్టే పని నాది. రోజంతా వంగి కూర్చుంటే సాయంత్రానికి నడుం నాది కాదనిపిస్తుంది. ఇంటికొచ్చి కాసేపు వాలదామనుకునేసరికి గేటు చప్పుడవుతుంది. వంటింట్లోంచి మా ఆవిడ రుబీనా కేక పెడుతుంది.

"ఏమండీ, మాస్టారు వస్తున్నారు, దాచండి!"

లేచి దాస్తాను. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, మిక్సీ పోయాక మిగిలిన మిక్సీ జార్లు, అన్నీ మంచం కిందకి తోస్తాను. పన్నెండేళ్లుగా తోస్తూనే ఉన్నాను. గాజుల పని వల్ల వచ్చిన నడుం నొప్పి కన్నా ఈ తోపుడు వల్ల వచ్చిందే ఎక్కువని నా అనుమానం.

మాస్టారు లోపలికి వస్తారు. మల్లెపువ్వులాంటి చొక్కా, చేతిలో ఏమీ ఉండదు. "ఏం మొహసిన్ గారూ, బాగా అలిసిపోయినట్టున్నారే" అని ఎంతో ప్రేమగా అడుగుతారు. అడుగుతూనే ఆయన చూపు టీవీ బల్ల మీదకి పోతుంది.

"ఈ రిమోట్లేంటండీ, మూడున్నాయి?"

"ఒకటి ఈ టీవీది మాస్టారూ."

"మిగతా రెండూ?"

"పాత టీవీలవి."

"ఆ టీవీలేవీ?"

"పాడైపోతే ఇచ్చేశాం."

అప్పుడు ఆయన ఆ ప్రశ్న వేస్తారు. చల్లపల్లిలో ముప్పయ్యేళ్లు సైన్సు పాఠం చెప్పిన గొంతుతో, నెమ్మదిగా, కోపమే లేకుండా వేస్తారు.

"ఏడాదిలో ఎన్నిసార్లు వాడారండీ?"

ఆ ప్రశ్నకి బందరులో ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నేనొకసారి అబద్ధమాడి చూశాను. "మొన్ననే వాడాను మాస్టారూ" అన్నాను. "ఎలా?" అన్నారు. ఏం చెప్పాలో తోచక వీపు గోక్కున్నానన్నాను. ఆయన సీరియస్‌గా ఆలోచించి, "దానికి ఒకటి సరిపోతుంది కదండీ" అని రెండోది పట్టుకుపోయారు.

తీసుకెళ్లినవి ఆయన ఇంట్లో పెట్టుకుంటారా అంటే అదీ లేదు. సైకిలు వెనక కట్టుకుని ఎవరికి పనికొస్తాయో వాళ్లకి ఇచ్చేసి వస్తారు. ఎవరికీ పనికిరానివి పాత సామాన్లవాడికి పోతాయి. ఆయన ఇంట్లో మాత్రం గొంతెత్తి మాట్లాడితే చర్చిలో మోగినట్టు మోగుతుంది. ఒక మంచం, ఒక దండెం, బైబిలు, నాలుగు కంచాలు. కంచాల్లో రెండు భార్యాభర్తలవి, రెండు చుట్టాలవి. ముగ్గురు చుట్టాలొస్తే మూడోవారు రెండో బంతిలో తినాలి. గోడ గడియారం కూడా ఇచ్చేశారు. అదేంటి మాస్టారూ అంటే, "మీ మసీదులో బాంగు వినిపిస్తుంది, మా చర్చిలో గంట వినిపిస్తుంది, పొద్దున్నే రైలు కూత వినిపిస్తుంది. టైము చెప్పేవాళ్లు ఇంతమంది ఉండగా గోడకి మేకు కొట్టడం దేనికండీ?" అన్నారు.

రిటైరైన రోజున స్కూల్లో ఆయనకి పదకొండు శాలువాలు కప్పారు. బస్సెక్కేలోపు నాలుగు పోయాయి. బస్సులో చలిగా ఉందన్న ముసలావిడకి ఒకటి, చలి లేదన్న ముసలాయనకి ఒకటి ఇచ్చారు. బందరు బస్టాండులో దిగేసరికి మెడలో దండ ఒక్కటే మిగిలింది. అది వీధి మలుపులో మేకకి పెట్టారు.

ఆయన భార్య రత్నకుమారి గారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఓపికంటే ఏంటో ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి. "మావాళ్లు పెళ్లికి పెట్టిన సామానంతా ఒక్కొక్కటే వెళ్లిపోయిందమ్మా" అని ఒకరోజు రుబీనాతో అన్నారు. "ఇంక మిగిలింది నేనే. రోజూ వంట చేస్తున్నాను కాబట్టి ఉంచారు."

మా వీధిలో మాస్టారు అడుగు పెట్టలేకపోయిన ఇల్లు ఒక్కటే ఉండేది. ఎదురింటి సీతారామయ్య గారిది. ఆయన కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గట్టిగా మాట్లాడరు. ఆ లోటు ఆయన భార్య రామలక్ష్మి గారు తీర్చేవారు. ఆవిడ దేన్నీ పారేసే మనిషి కాదు. నూనె ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, వందేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి దాచేవారు. పెళ్లి శుభలేఖలు ఎవరివైనా సరే ఉంచేవారు. విడాకులు తీసుకున్నవాళ్లవి కూడా ఉండేవి. మాస్టారు అటుగా వస్తే చాలు, గేటుకి అడ్డంగా నిలబడి, "ఏదైనా ఉంటే అక్కడినుంచే చెప్పండి మాస్టారూ" అనేవారు. మాస్టారు ఆవిడ భుజం మీదుగా లోపలికి చూస్తూ నిలబడేవారు. మిఠాయి కొట్టు ముందు పిల్లాడు కూడా అంత ఆశగా చూడడు.

అలాంటి రామలక్ష్మి గారు పోయిన ఏడాది ఎనిమిది రోజుల జ్వరంతో కన్నుమూశారు.

కర్మకాండలయ్యాక సీతారామయ్య గారు పడకగదికి తాళం వేసేశారు. ఆవిడ సామానంతా ఆ గదిలోనే ఉంది. వరండాలో నవారు మంచం వేసుకుని పడుకోవడం మొదలుపెట్టారు. పలకరించడానికి ఎవరు వెళ్లినా గేటు దగ్గరే "బానే ఉన్నానండీ" అని లోపలికి వెళ్లిపోయేవారు. నేను నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ బానే ఉన్నారు. ఐదోసారి వెళ్లలేదు. ఏడాది గడిచి వానలు పడ్డాయి. వరండాలోకి జల్లు కొడుతోంది, మంచం తడుస్తోంది, ఆయన దగ్గు మా ఇంట్లోకి వినిపిస్తోంది. అయినా గది తెరవలేదు.

ఒక ఆదివారం గుడివాడ నుంచి వాళ్లమ్మాయి సునీత వచ్చింది. కాసేపటికి ఎదురింట్లోంచి సీతారామయ్య గారి అరుపు వినిపించింది. నా జన్మలో ఆయన అరవగా విన్నది అదే మొదలు. సునీత ఏడుస్తూ మా ఇంటికొచ్చింది.

"నలుగురు మనుషుల్ని పెట్టి ఒక్కరోజులో గది ఖాళీ చేయించేద్దాం నాన్నా అన్నాను అన్నయ్యా. అంతే, నన్ను కూడా బయటికి పొమ్మన్నారు. మా ఇంటికి రమ్మంటే రారు. ఆ తడి మంచం మీద ఎన్నాళ్లని?"

రుబీనా ఆమెకి మంచినీళ్లిచ్చి, నాతో మెల్లగా, "ఈ సంగతి మాస్టారి చెవిన పడకుండా చూడండి" అంది.

ఒకటే గోడ కదా. అప్పటికే గుమ్మంలో మాస్టారు ఉన్నారు.

"నేనొకసారి వెళ్లి చూసిరానా అమ్మా?"

"వద్దు మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను" అంది రుబీనా. "ఎవరింటికైనా వెళ్లండి. కావాలంటే మా అటక మొత్తం పట్టుకెళ్లండి. ఆయన మీ ప్రశ్నకి తట్టుకోలేరు."

సునీత కూడా భయంగానే చూసింది. మాస్టారు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఆయన మా ఇంట్లోంచి ఒట్టి చేతులతో వెళ్లడం అదే మొదటిసారి. అది చూసి మాకు ఇంకా భయమేసింది.

మర్నాడు పొద్దున్న పదింటికి, నేను పనికి బయల్దేరుతుండగా, మాస్టారు రోడ్డు దాటి ఎదురింటి గేటు తట్టారు. వీధిలో జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఎందుకొచ్చారు?" అన్నారు సీతారామయ్య గారు.

"మీ ఇంట్లో అక్కర్లేని సామాను చాలా ఉందని విన్నానండీ. చూసి పోదామని."

ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. సీతారామయ్య గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. ఏమనుకున్నారో ఏమో, గేటు గొళ్లెం తీశారు.

"మా ఆవిడ ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని రానివ్వలేదు. రండి. ఒక్క వస్తువు ముట్టుకున్నారో, ఊరుకోను."

"ముట్టుకోనండీ. చూస్తాను."

ఆ రోజు ఒంటి గంటకి మాస్టారు ఒట్టి చేతులతో తిరిగొచ్చారట. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. పదింటికి వెళ్లడం, ఒంటిగంటకి రావడం, సైకిలు ముట్టుకోకపోవడం. వారం తిరిగేసరికి వీధిలో మాస్టారి ఆరోగ్యం గురించి రకరకాలుగా అనుకోవడం మొదలైంది. రత్నకుమారి గారు గోడ మీదుగా రుబీనాని పిలిచి, "ఇంట్లో కూడా ఏమీ పారెయ్యట్లేదమ్మా. నిన్న పగిలిన గ్లాసు కూడా చూసి ఊరుకున్నారు. డాక్టరుకి చూపిద్దామా?" అని అడిగారు.

శుక్రవారం మా పనికి సెలవు. నమాజుకి వెళ్లేముందు ఒకసారి చూసి రమ్మని రుబీనా ఫ్లాస్కులో టీ పోసి పంపింది.

పడకగది తలుపు తెరిచి ఉంది. బీరువా ఎదురుగా మాస్టారు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. సీతారామయ్య గారు మంచం అంచున కూర్చున్నారు. ఆయన చేతిలో పిడి విరిగిన టిఫిన్ క్యారేజీ ఉంది. పదకొండు రోజుల్లో వాళ్లు చేరుకున్నది రెండో అర.

"దీన్ని ఆవిడ ఎప్పుడు వాడేవారండీ?" అని అడుగుతున్నారు మాస్టారు. ఆయన గొంతులో సైన్సు పాఠం లేదు.

"పెళ్లైన కొత్తలో కూచిపూడిలో అద్దెకుండేవాళ్లం" అన్నారు సీతారామయ్య గారు. నన్ను చూసి, "రా మొహసినూ, కూర్చో" అని మళ్లీ మొదలుపెట్టారు. "నాకేమో గూడూరులో డ్యూటీ. ఓరోజు ఈ క్యారేజీ బస్సులో మర్చిపోయి దిగిపోయాను. సాయంత్రం ఇంటికెళ్లి చెబితే ఊరుకుందా? మర్నాడు పొద్దున్నే అదే బస్సెక్కి కండక్టర్ని నిలదీసింది. క్యారేజీ ఇచ్చాడు. అన్నం మాత్రం తినేశాట్ట. 'వంకాయకూర చాలా బాగుందమ్మా' అని చెప్పి మరీ ఇచ్చాట్ట. దానికి మావిడ పొంగిపోయి, వారం రోజులు ఆ కండక్టరుకి కూడా కట్టింది. నాకు కూర సగమే!"

చెబుతూ చెబుతూ ఆయన నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకుని, క్యారేజీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నేనుంచుకుంటాను. ఆ పక్కనున్న గిన్నెలు ఎవరికైనా ఇచ్చేద్దామా మాస్టారూ? వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు" అన్నారు.

"తొందరేముందండీ, రేపు చూద్దాం" అన్నారు మాస్టారు.

నా చెవులని నేనే నమ్మలేదు. ఒంటిగంటకి ఇద్దరం బయటికొచ్చాక ఇంక ఆగలేక అడిగేశాను. "మాస్టారూ, మా అటక మూడు నిమిషాల్లో ఖాళీ చేశారు మీరు. గుర్తుందా?"

"మీ అటక మీద సామాన్లే ఉన్నాయండీ" అన్నారాయన.

"మరి ఈయన్ని పలకరించడానికి వచ్చానని చెప్పొచ్చుగా? అక్కర్లేని సామాను కోసం వచ్చాననడం దేనికి?"

"పలకరించడానికి మీరూ వెళ్లారు కదా. గేటు తీశారా?" మాస్టారు చొక్కాకి అంటిన దుమ్ము దులుపుకున్నారు. "పలకరింపంటే ఆయన ఏడవాలి. దెబ్బలాటంటే, ఏడవక్కర్లేదు కదండీ. అందుకని తీశారు."

నమాజు అయ్యాక ఇంటికెళ్లి రుబీనాకి చెప్పాను. మా ఇంటికి ఆయన మొట్టమొదట వచ్చింది మా అమ్మ పోయిన నెలలోనని తనే గుర్తు చేసింది. అప్పుడు ఆయన మా అమ్మ పాన్ డబ్బా ముందు ఎంతసేపు కూర్చున్నారో మా ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా ఎన్నిసార్లు వాడారని అడగలేదు. మేం గమనించలేదు, అంతే. మంచం కిందకి తోసే హడావుడిలో ఇవన్నీ ఎక్కడ చూస్తాం?

ఆ గది సర్దడానికి ముప్పై నాలుగు రోజులు పట్టింది. నూనె ప్యాకెట్లు వెళ్లిపోయాయి. శుభలేఖలు వెళ్లిపోయాయి. చీరల్లో సునీతకి కొన్ని, రుబీనాకొకటి, రత్నకుమారి గారికొకటి వచ్చాయి. రెండు చీరలు, క్యారేజీ బీరువాలోనే ఉండిపోయాయి. సీతారామయ్య గారు గదిలో, కిటికీ పక్కన, పొడి మంచం మీద పడుకుంటున్నారు. సునీత వచ్చి చూసి మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టబోయింది. ఆయన కంగారుపడి వెనక్కి జరిగి, "ఇంత పెద్ద హ్యాండుబ్యాగెందుకమ్మా నీకు?" అన్నారు.

ముప్పై ఐదో రోజు పదింటికి మాస్టారి గేటు చప్పుడైంది. చూస్తే సీతారామయ్య గారు.

"పని అయిపోయింది కదా మాస్టారూ. పదయ్యేసరికి ఏం చెయ్యాలో తోచట్లేదు."

మాస్టారి ఇంట్లో కుర్చీ అనేది లేదు. వచ్చినవాళ్లకి చాప వేస్తారు. డెబ్బై రెండేళ్ల సీతారామయ్య గారు చాప మీద కూర్చోవడం బాగానే కూర్చున్నారు. లేవడానికి మాత్రం ఒక చెయ్యి మాస్టారు, ఒక చెయ్యి రత్నకుమారి గారు పట్టుకోవాల్సి వచ్చింది. మూడు రోజులు అలాగే లేపారు. నాలుగో రోజు నేను కూడా ఓ చెయ్యి వేశాను. నా నడుం సంగతి మీకు తెలిసిందే.

ఐదో రోజు పొద్దున్నే మాస్టారు కోనేరు సెంటరు వైపు వెళ్లి, ఆటోలో తిరిగొచ్చారు. ఆటోలోంచి తల్లేని మనిషి దిగినట్టు ఏదో దిగింది. చూస్తే పేము కుర్చీ. కొత్తది. మెత్త కూడా ఉంది.

వీధంతా బయటికొచ్చేసింది. రత్నకుమారి గారు గుమ్మంలో నిలబడి నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "పెళ్లైన ముప్పై ఎనిమిదేళ్లలో ఈ ఇంట్లోకి ఆయన కొని తెచ్చిన మొదటి వస్తువు ఇదే, రుబీనా" అన్నారు. వెంటనే లడ్డూలు తెప్పించి ఇంటింటికీ పంచారు. ఏం సందర్భమండీ అని అడిగినవాళ్లకి, "కుర్చీ వచ్చింది" అని చెప్పారు.

నేను లోపలికి వెళ్లి చూశాను. ఆ ఖాళీ గది మధ్యలో కుర్చీ పెళ్లికొడుకులా ఉంది. పొద్దున్నే నడుం లాగేస్తోంది. ఒక్క నిమిషం కూర్చుందామని కూర్చున్నాను. నిజంగానే చాలా హాయిగా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"మొహసిన్ గారూ, లేవండి" అన్నారు మాస్టారు, తువ్వాలుతో కుర్చీ చెయ్యి తుడుస్తూ. "పదవుతోంది. ఆయనొచ్చే టైమైంది."