ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ మనిషి

నాది కరీంనగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. "అన్నా, ఫోన్ దానంతట అదే మోగుతుంది, గాలి సోకినట్టుంది" అంటూ వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. విప్పి చూపిస్తే లోపల ఎప్పుడో ఒలికిన చాయ్ మరక ఉంటుంది. దయ్యాలను నమ్మను అని చెప్పడం కూడా నాకు ఎక్కువే అనిపించేది. నమ్మాలా వద్దా అని ఆలోచించేంత మర్యాద కూడా నేను వాటికి ఎప్పుడూ ఇవ్వలేదు. పాడైన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ఇదీ నా లెక్క.

ముందే ఇంత చెప్పుకోవడం దేనికంటే, ఈ ఒక్క విషయంలో నేను సరిగ్గానే వెతికాను.

నాకు బొమ్మ రైళ్ల పిచ్చి. పిల్లలు తాడు కట్టి లాగేవి కాదు. మేడ మీది గదిలో గోడ పొడుగునా బల్లలు వేసి, వాటి మీద పట్టాలు, వంతెన, సొరంగం, అన్నీ అచ్చం అసలు వాటిలాగే చిన్నవిగా కట్టుకున్నాను. అరచేతిలో పట్టే ఇంజను కరెంటుతో తిరుగుతుంది. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది. దుకాణం కట్టేసి వచ్చి ఇంత మనిషిని ఇంజనుతో ఆడుకుంటుంటే నవ్వొస్తుంది మరి. ఎందుకు మొదలుపెట్టావని ఎవరైనా అడిగితే ఊరికే అంటాను. ఊరికే కాదు.

నా చిన్నప్పుడు మేము కాగజ్‌నగర్‌లో ఉండేవాళ్లం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాణ్ని. బాపు వడ్రంగి. మహారాష్ట్ర వైపు చాందాలో ఒక కట్టెల డిపోలో పని దొరికిందని, చలికాలం ఒక పొద్దున రైలెక్కడానికి స్టేషనుకు పోయాడు. నేను అప్పటికే బడికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి బాపు లేడు, అంతే. ఆయన చాందా చేరలేదు. మా మేనమామ డిపో దాకా పోయి అడిగాడు, అటువంటి మనిషి రాలేదన్నారు. ఠాణాలో రాయించాం. ఆసుపత్రులు తిరిగాం. శవం దొరకలేదు, కబురు దొరకలేదు.

దాంతో మా అవ్వ ఎటూ కాకుండా పోయింది. మెట్టెలు తీయలేదు, బొట్టు తీయలేదు. కానీ పెళ్లిళ్లలో ఆమెకు బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణం చూడలేక ఆమె పెళ్లిళ్లకే పోవడం మానేసింది. ఏటా పెత్తరమాస నాడు మా ఇళ్లలో చనిపోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. మా ఇంట్లో తాత పేరు, నాయనమ్మ పేరు చెప్పేవాళ్లం. "ఇంకెవరైనా ఉన్నరా అమ్మా" అని అయ్యగారు అడిగేవాడు. అవ్వ తల వంచుకుని లేరనేది. బాపు పేరున బియ్యం ఇస్తే ఆయనను మనమే చంపినట్టు. ఇవ్వకపోతే, ఆయన ఎక్కడో చనిపోయి ఉంటే, ఆకలితో మాడబెట్టినట్టు. ఆ బాధ ఆమె ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు కానీ పెత్తరమాస దగ్గరపడితే అన్నం సరిగ్గా తినేది కాదు.

ఇక అసలు సంగతి. నా బల్లల మీద వంతెనకూ సొరంగానికీ మధ్య కొంత జాగా చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. అక్కడ స్టేషను కట్టాలని ఉండేది, మొదలుపెడితే చేయి సాగేది కాదు. అప్పుడు నిర్మల్‌లో ఒక రిటైరైన డ్రాయింగ్ సారు తన స్టేషను మాడ్యూల్ అమ్ముతున్నట్టు మా రైలు పిచ్చోళ్ల గ్రూపులో చూశాను. మాడ్యూల్ అంటే పట్టాలు, చెట్లు, ఇళ్లు అన్నీ ముందే అమర్చి ఉన్న బల్లముక్క. ఒకరి దగ్గర తీసి ఇంకొకరు తమదానికి కలుపుకోవచ్చు. సారుకు చూపు మందగించి అమ్ముతున్నాడు.

వెళ్లి చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయాను. నిర్మల్ బొమ్మలు చేసే పద్ధతిలోనే చేశాడు. మనుషులు పొనికి చెక్కవి. కొండ, గట్లు రంపపు పొట్టులో చింతగింజల బంక కలిపి పోసినవి. ఒక పాత ఎర్రటి స్టేషను, ముందు ప్లాట్‌ఫారం, తట్టలతో ఆడవాళ్లు, చాయ్ అమ్మేవాడు. పాత దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చాను.

కలపడం అనుకున్నంత సులువు కాలేదు. సెకండ్‌హ్యాండ్ ముక్క కదా, ఒక చివర పట్టాలు నావాటికంటే కాస్త కిందికి ఉన్నాయి. ఎలా పెట్టినా సొరంగం దగ్గర ఇంజను ఎగిరి పడేది. చివరికి ముక్కను అటుదిటు తిప్పి పెడితే సరిగ్గా కూర్చుంది. కాకపోతే స్టేషను వీపు నా వైపు, ప్లాట్‌ఫారం గోడ వైపు వచ్చాయి. బండి నడిస్తే చాలనుకుని పట్టాలను టాంకా వేసి అతికించి, వైర్లు కలిపేశాను.

దుమ్ము దులుపుతుంటే ప్లాట్‌ఫారం చివర, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక మనిషి కనిపించాడు. ముదురు ఎరుపు చేతుల్లేని స్వెట్టరు, తెల్ల పైజామా. పట్టాల వైపు తిరిగి, అంటే నాకు వీపు పెట్టి, నిలబడ్డాడు. ఒక చేతిలో ఏదో చిన్న ముక్క. బాపుకు అటువంటి స్వెట్టరు ఉండేది. అయితే ఆ రోజుల్లో సగం ఊరికి అదే స్వెట్టరు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

రెండు మూడు రోజులకు అవ్వ మిరపకాయలు ఎండబెట్టడానికి మేడెక్కి, నా గదిలోకి తొంగి చూసింది. నేను సరదాగా భూతద్దం ఆమె చేతికిచ్చి, నిర్మలోళ్ల పనితనం చూడమన్నాను. ఆడవాళ్ల తట్టలు చూసి మురిసిపోయింది. చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చాలాసేపు వంగిన నడుము ఎత్తలేదు.

"గా చేతుల ఏందిరా?" అంది.

"ఏదో సంచేమోనే, కొంత విరిగినట్టుంది."

"సంచి కాదు. చెప్పు."

నేను చూశాను. చెప్పే. పట్టీ తెగి వేలాడుతున్న చెప్పు. బియ్యపు గింజంత కూడా లేదు కానీ చెప్పేనని తెలిసిపోతోంది. అవ్వ అక్కడే నేల మీద కూర్చుంది. అన్నేళ్లలో నాకు చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నువ్వు బడికి పోయినవ్, నీకు తెల్వది. ఇంటి కడప దాటంగనే మీ బాపు చెప్పు తెగింది. గట్ల తెగితె ఎవలైనా ఏంజేస్తరు? మర్లొచ్చి, జర కూసోని, ఇన్ని నీళ్లు తాగి పోతరు. ఆయన బండి పోతదని చెప్పు చేతుల వట్టుకొని ఉరికిండు. నా చేతుల నీళ్ల చెంబున్నది రా. ఆగు, నీళ్లు తాగి పో అని ఒక్క మాట అనలే. పొద్దుగాల లొల్లి వెట్టుకున్నం, మాటలు లేవు. చెంబు వట్టుకొని గట్లనే నిలవడ్డ."

అన్ని సంవత్సరాలు మా అవ్వ బాపును తానే పోగొట్టానని అనుకుంటూ బతికింది. ఒక చెంబెడు నీళ్లు ఇవ్వనందుకు! నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

దుకాణం నుంచి లెన్సు తెచ్చి ఫోనుకు తగిలించి ఆ బొమ్మను ఫొటోలు తీశాను. తర్వాత డ్రాయింగ్ సారుకు ఫోన్ చేసి, చివర నిలబడ్డ మనిషిని ఎవరిని చూసి చేశారని అడిగాను.

"ట్యాంకు కాడ నేనెవల్నీ వెట్టలే తమ్మీ. గా జాగ ఖాళీగ ఉంటేనే మంచిగుంటదని ఇడిచిపెట్టిన."

పెద్దవాడు, మర్చిపోయి ఉండొచ్చు. అమ్మకానికి పెట్టిన ఫొటో వెతికి చూశాను. దాంట్లో ప్లాట్‌ఫారం చివర ట్యాంకు దగ్గరికి రాకుండానే ఫొటో తెగిపోయింది. ఉన్నాడనీ చెప్పలేను, లేడనీ చెప్పలేను.

అవ్వ మాత్రం ఒకటే పట్టు పట్టింది. "గోడ దిక్కు మొఖం వెట్టి నిలవెట్టినవేందిరా? ఇటు తిప్పు. మొఖం చూస్త."

అది అంత సులువైన పని కాదని చెప్పాను. టాంకాలు విప్పాలి, వైర్లు తీయాలి, రెండు చివర్లా ఎత్తు మళ్లీ సరిచేయాలి. ఆమె వినలేదు. నేను దుకాణం నుంచి ఎప్పుడొచ్చినా మెట్ల కింద నిలబడి నా ముఖం చూసేది. పెత్తరమాస ముందు రోజు మధ్యాహ్నం దుకాణం మూసేసి వచ్చి పని మొదలుపెట్టాను. అవ్వ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. గదిలో మేమిద్దరమే. కిటికీలోంచి ఎండ నిండుగా పడుతోంది.

ముక్కను విడదీసి, ఎత్తి, తిప్పి పెట్టాను. ఇప్పుడు పట్టాలు, ప్లాట్‌ఫారం మా వైపు వచ్చాయి, స్టేషను గోడ వైపు పోయింది. తట్టల ఆడవాళ్లు, చాయ్ మనిషి, అందరి ముఖాలూ మాకు కనిపిస్తున్నాయి. అందరితో పాటు ఆయన ముఖం కూడా మా వైపే రావాలి.

రాలేదు. ఆయన మాకు వీపు పెట్టే నిలబడి ఉన్నాడు. అంతకుముందు పట్టాల వైపు చూస్తున్నవాడు, ఇప్పుడు పట్టాలకు వీపు పెట్టి స్టేషను బయటికి పోయే గేటు వైపు చూస్తున్నాడు.

కుదుపుకు ఊడి తిరిగాడేమోనని పట్టకారుతో మెల్లగా కదిపాను. రవ్వంత కూడా కదల్లేదు. పాదాల దగ్గర బంక, దాని మీది రంగు ఎక్కడా పగల్లేదు. చేతిలో తెగిన చెప్పు కూడా అలాగే ఉంది. ముందు నేను తీసిన ఫొటోలు తెరిచి చూశాను. వాటిలో ఆయన కాళ్లు ప్లాట్‌ఫారం అంచు వైపే ఉన్నాయి.

ఆమె భూతద్దం తీసుకుని తానే చూసింది. భయపడలేదు. ఎవరినో సాగనంపి వచ్చినట్టు నిదానంగా కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇగ బండి కోసం చూస్తలేడు రా" అంది. "దిగిండు. ఏడికి పోవాల్నో ఆడికి చేరిండు. మనమే ఇంకా ఆపుకుంట కూసున్నం."

ఆ సాయంత్రం నన్ను బజారుకు పంపి కొత్త తోలు చెప్పుల జత తెప్పించింది. కొలత అడిగితే తన జానతో చూపించింది. అన్నేళ్లయినా ఆమెకు ఆ పాదం కొలత గుర్తుంది.

పెత్తరమాస నాడు అయ్యగారు ఎప్పటిలాగే అడిగాడు. అవ్వ తలెత్తి, "రాజయ్య" అంది. మా తరం ముందటి ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆమె నోట బాపు పేరు నేను వినడం అదే మొదటిసారి. బియ్యం, కూరగాయలతో పాటు ఆ చెప్పుల జత, నిండా నీళ్లతో ఒక కొత్త ఇత్తడి చెంబు ఇచ్చింది. చెంబు ఇస్తుంటే మాత్రం నీళ్లు కొంచెం ఒలికాయి. అయ్యగారు వెళ్లాక గోడకు ఆనుకుని కూర్చుని మెట్టెలు తానే తీసేసుకుంది. ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నరే, ఉండనీ అన్నాను. వినలేదు. నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. ఆ రోజే బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. వీధిలో ఆడపిల్లలు పూలు పేరుస్తూ నవ్వుకుంటున్నారు. అప్పుడు ఏడ్చింది మా అవ్వ. మొగుడు ఆ పొద్దున్నే పోయినట్టు ఏడ్చింది.

కాసేపటికి నేను మేడెక్కాను. ఎందుకో ఆ బొమ్మను చూడాలనిపించింది. ఆయన అక్కడే, గేటు వైపు తిరిగే ఉన్నాడు. చేతిలో చెప్పు లేదు.

బల్ల మీద, పట్టాల సందుల్లో, నేల మీద వెతికాను. చీపురుతో ఊడ్చిన దుమ్మును తెల్ల కాగితం మీద పోసి లెన్సుతో చూశాను. దొరకలేదు. విరిగిపోయిందనుకుందామంటే చేతి దగ్గర విరిగిన గుర్తు లేదు, రంగు నున్నగా ఉంది. పాత ఫొటో నా ఫోనులో ఇప్పటికీ ఉంది, దాంట్లో చెప్పు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూశానో. దుకాణంలో నేను బాగుచేసిన ఏ ఫోనూ నన్నింత ఓడించలేదు. ఎవరైనా కారణం చెబితే వినడానికి నేను ఇప్పటికీ సిద్ధమే.

ఆ సాయంత్రం కిందికి దిగి అవ్వకు చెప్పాను, చేతిలో చెప్పు లేదని. ఆమె ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో నన్ను చూసింది.

"కాళ్లకున్నయా? సూడుపో."

మళ్లీ పైకి పోయాను. లైటు దగ్గరికి లాగి, దుకాణంలో ఉన్న అన్నిటికంటే పెద్ద లెన్సు పెట్టి చూశాను. పైజామా కింద పాదాలంటే ఒక్క గోధుమరంగు కుంచె గీత, అంతే. చెప్పులో, ఉత్త కాళ్లో, దాన్నుంచి ఎవరూ చెప్పలేరు.

మెట్ల పైనుంచే కేకేసి చెప్పాను. "ఉన్నయే అవ్వా. రెండూ ఉన్నయి."