హాట్ ప్రెస్‌లో పెరుగు

పెరుగన్నం పడకపోతే శ్రీహర్షకు భోజనం చేసినట్టే ఉండదు. తెనాలిలో పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది, డబ్లిన్ చలికి కూడా తగ్గలేదు. ఆఫీసువాళ్లు క్రిస్మస్ విందుకు తీసుకెళ్తే, అంతా తిన్నాక వెయిటర్‌ను పిలిచి కాస్త అన్నమూ పెరుగూ ఉన్నాయా అని అడిగిన ఘనుడు. ఆవకాయకు ఆ ఇబ్బంది లేదు. కోటు జేబులో చిన్న సీసా ఎప్పుడూ ఉంటుంది.

అలాంటి మనిషి పోయి పోయి బెంగాలీ పిల్లను ప్రేమించాడు. పౌలమి డబ్లిన్ శివారు టాలట్‌లోనే పుట్టి పెరిగింది. తెలివైంది, అందగత్తె. వంట మాత్రం అడక్కండి. ఆమె పాస్తా చేస్తే పొగ అలారం మోగుతుంది. ఆ మాడు పాస్తాను శ్రీహర్ష లొట్టలేసుకుంటూ తినేవాడు, పిచ్చి మారాజు.

చిక్కల్లా వాళ్లమ్మ శర్మిష్ఠతో వచ్చింది. కూతురికి బెంగాలీ డాక్టరు మొగుణ్ణి తప్ప ఇంకొకణ్ణి ఊహించని మనిషి. పౌలమి ఏడ్చి మొత్తుకోగా, "ఆదివారం భోజనానికి రమ్మను. చూశాక చెబుతా" అంది. అమ్మ కాదంటే తను చేసేదేమీ లేదని పౌలమి ముందే చెప్పేసింది. శ్రీహర్షకు అప్పట్నుంచీ నిద్ర లేదు.

లువాస్ ట్రాము దిగి ఇంటికి నడుస్తుంటే పౌలమి హెచ్చరించింది. "అమ్మ ఏం పెట్టినా వదలకు. మొహం చిట్లించకు. అంతే, గ్రాండ్!"

మొదట చేదుకూర పెట్టారు. తినేశాడు. తర్వాత ఆవపిండి చేప. ముళ్లు ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున పేర్చాడు. పౌలమి తండ్రి అభిజిత్ మెచ్చుకోలుగా తలూపాడు. శర్మిష్ఠ మొహం కూడా కాస్త విచ్చుకుంది. గండం గడిచిందనుకున్నాడు.

అప్పుడావిడ ఒక మట్టి ముంత తెచ్చింది. వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరను అక్కడ హాట్ ప్రెస్ అంటారు. రాత్రంతా అందులో దుప్పటి చుట్టిపెట్టి తోడేసిందట.

పెరుగు! శ్రీహర్షకు కళ్లు చెమర్చాయి. గోధుమ రంగులో ఉంటే, పాలు బాగా కాగాయనుకున్నాడు.

"ఆంటీ, ఇంకొంచెం అన్నం పెడతారా?"

ఆవిడ ఆశ్చర్యపోతూనే పెట్టింది. సగం ముంత వేసుకుని, ఉప్పు చల్లి, మెత్తగా పిసికి, జేబులోంచి సీసా తీసి ఆవకాయ కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అది మిష్టి దోయి. బెంగాలీలు భోజనం చివర చెంచాతో తినే తీపి పెరుగు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మింగలేడు, కక్కలేడు. పౌలమి కళ్లు మూసుకుంది.

"ఎలా ఉంది?" అంది శర్మిష్ఠ.

"చాలా బావుందాంటీ."

మొహం చిట్లించలేదు. ముద్ద తర్వాత ముద్ద, మెతుకు మిగలకుండా తిన్నాడు.

"ఆ సీసా ఇటివ్వు" అందావిడ. ఒక చెంచా పెరుగులో అన్నమూ ఉప్పూ ఆవకాయా కలిపి నోట్లో వేసుకుంది. మరుక్షణం సింకు దగ్గరికి పరిగెత్తింది. చాలాసేపు పుక్కిలించి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"పౌలమీ, నీ పాస్తా ఇతను తిన్నాడా?"

"ఎప్పుడూ తింటాడమ్మా."

"తిని?"

"బావుందంటాడు."

శర్మిష్ఠ నిట్టూర్చింది. "అలా అనే బెంగాలీ డాక్టరు ఈ భూమ్మీద దొరకడు. వీణ్ణి వదులుకోకు."

పైవారం ఆ ఇంటి హాట్ ప్రెస్‌లో రెండు ముంతలు తోడుకున్నాయి. ఒకదాంట్లో చక్కెర వెయ్యలేదు.